నీటి దోషమా, కట్ట దోషమా

సరూర్‌నగర్ చెరువుగట్టున, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషను వైపునుండి వచ్చు జనసమ్మర్దము కొంచెము పలుచబడి, గుర్రపుడెక్క పరచుకొన్న నీటిమీద సాయంకాలపు వెలుగు వాలుచున్న వేళ, ప్రతిదినమును ఒకే సిమెంటు బల్లమీద కూర్చుండి వాదించుకొను వియ్యంకులిద్దరు నాకు చిరకాల పరిచితులు. ఒకరిది భీమవరము; ముప్పదియేండ్లు జీవరసాయన శాస్త్రము బోధించి, రక్తపుసీసాలనడుమ తల నెరసినవారు. రెండవవారిది ఇబ్రహీంపట్నము, వైద్యకళాశాలలో పెథాలజీ చెప్పి, శవపరీక్షలు చేసి, సూక్ష్మదర్శినిపై వంగి వంగి నడుము వంగినవారు. భీమవరమువారి కుమార్తె ఇబ్రహీంపట్నమువారి కోడలు. ఎల్.బి. నగరునుండి నిత్యము మెట్రోలో ఉద్యోగమునకు పోయివచ్చు ఆమె భర్త, నలువది మూడేండ్లవాడు, గత మాఘమాసమున ఒకనాటి వేకువను ఎడమ దవడ లాగుచున్నదని లేచి, మధ్యాహ్నము కాకముందే గుండెధమనిలో స్టెంటుతో ప్రాణము దక్కించుకొన్నాడు. అంతకుముందు పుస్తకములలోనిదైన ఆ పెద్దల వాదము నాటినుండి ఇంటిలోనిది అయినది. ధమనులు గట్టిపడి మూసికొనిపోవు ఈ రోగమునకు దోషి ఎవరు? నాళమున పారు రక్తమా, ఆ రక్తమును మోయు నాళపు గోడయా?

ఈ సంగతి నలుగురికిని తెలియుట మేలని తోచి, బల్ల చివర కూర్చుండి విన్నదానిని వ్రాయుచున్నాను. వారిని ఊళ్ళపేళ్ళతోనే వ్యవహరింతును. వియ్యంకులు గనుక ఒకరినొకరు ‘బావగారూ’ అని పిలుచుకొందురు. వాదము ఎంత ముదిరినను ఆ పిలుపులోని మర్యాద సడలగా నేను చూడలేదు.

భీమవరమువారు: విన్నారా బావగారూ, అబ్బాయి ఇక మాత్రలు మానివేయుదునని నిన్న రాత్రి మా అమ్మాయితో అనినాడట. నాడు 114 ఉన్న ఎల్‌డిఎల్ కొలెస్ట్రాలు ఇప్పుడు 58కి దిగినది. స్టెంటు వేసిరి, గొట్టము బాగుపడినది, రిపోర్టు నార్మలుగా వచ్చినది, ఇంక మందెందుకని అడుగుచున్నాడు. ఆ 58 మాత్రలవలననే వచ్చినదని వానికెవరు చెప్పవలెను?

ఇబ్రహీంపట్నమువారు: ఇద్దరమును చెప్పుదము. కాని ముందుగా ఆ ‘గొట్టము’ అను మాటను వాని బుద్ధిలోనుండి పెరికివేయవలెను, బావగారూ. డ్రైనేజీ పైపులో మడ్డి పేరుకొన్నట్లు రక్తనాళములో కొవ్వు పేరుకొనుననియు, స్టెంటు వేయుటయనగా ఆ మడ్డిని తీసివేయుటయనియు లోకమంతయు అనుకొనుచున్నది. నేను గుండెధమనులను కత్తెరతో నిలువున చీల్చి చూచినవాడను. రక్తము పారు త్రోవలో మడ్డి కనబడదు; లోపలి తలము చాలచోట్ల నిగనిగలాడుచునే యుండును. ఆ నిగనిగలాడు పొరక్రింద, గోడలో, పసుపుపచ్చని ఉబ్బు కనబడును. కత్తిమొనతో దానిని గ్రుచ్చినచో చిక్కని జావవంటి పదార్థము మెల్లగా వెలికివచ్చును. మరికొంత దూరము పోవునప్పటికి కత్తెర కరకరమని సున్నపు పెచ్చుమీద ఆగిపోవును. గ్రీకుభాషలో ‘అథేరే’ యనగా జావయే. ‘స్క్లెరోసిస్’ అనగా గట్టిపడుట. 1904లో మార్షాండ్ అను జర్మను పండితుడు ఈ రెండుమాటలు కలిపి ‘అథిరోస్క్లిరోసిస్’ అని పేరు పెట్టినాడు. జావ గోడలోనున్నది గనుక విచారణయు గోడతోనే మొదలు కావలెను.

భీమవరమువారు: జావ గోడలోనున్నమాట నిజమే. గోడకు అది ఎచటినుండి వచ్చినదో చెప్పుడు. పెండ్లిభోజనము చేసి నేరుగా పరీక్షకు వచ్చినవారి రక్తమును మీరెన్నడైన సీసాలో నిలిపి చూచితిరా? గడ్డకట్టిన ఎరుపు అడుగునకు దిగును. పైన తేలిన ద్రవము మామూలుగా ఎండుగడ్డివన్నెతో తేటగా ఉండవలసినది, నీళ్ళమజ్జిగవలె తెల్లబడియుండును. నేను చేతబట్టి వెలుతురునకు చూచినవే వేలకొలది కలవు. ఆ తెలుపు భోజనపు కొవ్వు, కొన్ని గంటలలో పోవును. పోక నిలిచి కీడుచేయునది మరియొకటి, కంటికి కనబడనిది. ఎల్‌డిఎల్ రేణువు వ్యాసము సుమారు 22 నానోమీటర్లు. నానోమీటరు అనగా మీటరులో నూరుకోట్లవ వంతు. కాలేయమున పుట్టిన వాహనమునకు మిగిలిన రూపమది. కొలెస్ట్రాలును మోయుచు, అపోబి అను ప్రోటీను ఒక్కొక్కటి చొప్పున చుట్టుకొని, రేయింబవలు ధమనులలో తిరుగుచు, గోడలోనికి చొరబడుచునే యుండును. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్ళకు పొద్దుతిరుగుడునూనెలో కొలెస్ట్రాలు కలిపి పెట్టినాడు. వాటి గోడలను ఎవరును గాయపరచలేదు, పొగ పట్టలేదు. మార్చినది రక్తమునొక్కదానినే, జావ గోడలో పుట్టినది.

ఇబ్రహీంపట్నమువారు: ఎలుకలకును కుక్కలకును అదే కొలెస్ట్రాలు పెట్టినప్పుడు జావ అంత సులభముగా పుట్టలేదుగదా?

భీమవరమువారు: వాటి కాలేయము దానిని రక్తములో పెరుగనీయలేదు గనుక పుట్టలేదు. ఆ సాక్ష్యమును నాకే వచ్చినది. అంతకంటె దారుణమైన సాక్ష్యము మనుష్యులలోనే కలదు. ఎల్‌డిఎల్‌ను పట్టి లోనికి తీసికొను గ్రాహకము కణములపై ఉండును. బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనువారు దానిని కనుగొని 1985లో నోబెలు బహుమానము పొందిరి. ఆ గ్రాహకపు జన్యువు తల్లినుండియు తండ్రినుండియు చెడినదే వచ్చినచో, ఆ శిశువు రక్తములో కొలెస్ట్రాలు పుట్టుకనుండియే నాలుగైదింతలుండును. మోచేతులమీదను మోకాళ్ళమీదను పసుపుపచ్చని కాయలు లేచును. బడియీడుననే గుండెపోటు రావచ్చును. మేనరికములు విరివిగా చేసికొను మన కుటుంబములలో చెడిన జన్యువు ఇరువైపులనుండియు వచ్చి కలియుటకు అవకాశమెక్కువ. ఆ బిడ్డ చుట్ట త్రాగెనా, ఉద్యోగపు చింత పడెనా? లేత గోడలు, చెడిన రక్తము. ఆ యొక్క దోషమే ప్రాణము తీయుటకు చాలును. గోడ ఎంత చెడినను, రక్తములో ఎల్‌డిఎల్ మిక్కిలి తక్కువగానున్నచోట జావ పుట్టినట్లు మీరు చూపగలరా?

ఈ ప్రశ్నకు ఇబ్రహీంపట్నమువారు వెంటనే బదులు చెప్పలేదు. గట్టుక్రింద ఎవరో మొక్కజొన్నపొత్తులు కాల్చుచుండగా ఆ పొగ మావైపు వచ్చినది. చేతితో పొగను త్రోసికొనుచు ఆయన మరల ఆరంభించిరి.

ఇబ్రహీంపట్నమువారు: చూపలేను. కాని నా ప్రశ్న వేరు. ఒకే మనిషిలో ఒకే రక్తము ఒకే నిమిషమున అన్ని నాళములలోను పారుచున్నది. ఎల్‌డిఎల్ 200 ఉన్నచో చేతికిని 200, మెడకును 200, గుండెకును 200. అట్లయ్యును ఈ రోగము ప్రతిచోటను సమముగా రాదేమి? మెడధమని రెండుగా చీలుచోట వచ్చును. గుండెధమని కొమ్మవేయుచోట వచ్చును. వంపుల లోపలితట్టున వచ్చును. ఆ ప్రక్కనే నిటారుగా పోవు భాగము శుభ్రముగా మిగులును. రొమ్ముటెముక ప్రక్కగా దిగు ధమని కలదుగదా, బైపాస్ ఆపరేషనులో గుండెకు అతికించునది, దానికి ఈ రోగము దాదాపు అంటదు. సిరలకును అంటదు, కాని అదే కాలిసిరను తీసి గుండెమీద ధమనిస్థానమున కుట్టినచో, కొన్నియేండ్లకు దానిలోనే జావ పుట్టును. రక్తము మారలేదు, సిర మారలేదు. గోడమీద పడిన ఒత్తిడి మారినది, గోడ నడత మారినది.

భీమవరమువారు: నడత యనుచున్నారు. గోడకు నడత యేమిటి?

ఇబ్రహీంపట్నమువారు: ఇటుకగోడకైతే లేదు. ఇది కణములగోడ. లోపలి అంచున ఒకే ఒక వరుస కణములు పరచుకొని యుండును. దానిని ఎండోథీలియము అందురు. నేను దానిని ప్రతియేడును విద్యార్థులకు చూపుచు, శరీరమున ఇంత పలుచని అవయవము ఇంత పెద్దపని చేయుట మరియెచటను లేదని చెప్పెడివాడను. రక్తము సాఫీగా ఒకేదిక్కున పారుచోట ఆ కణములు ప్రవాహపు దిక్కునకే నిడుపుగా సాగి, వరినాటు వరుసలవలె ఒద్దికగా ఉండును. నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును విడుచుచు, నాళమును సడలించుచు, రక్తకణములను తమకు అంటుకొననీయవు. కొమ్మచీలునప్పుడు ప్రవాహము ముందునకును వెనుకకును ఊగిసలాడుచోట ఆ కణములే గుండ్రబడి, వరుస తప్పి, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గించి, తెల్లరక్తకణములను పట్టు అంటుప్రోటీనులను పైకి చాచును. వాటిక్రింది పీచుజాలము ఎల్‌డిఎల్ రేణువులను పోనీయక పట్టియుంచును. సిగరెట్టుపొగ, అధిక రక్తపోటు, మధుమేహము, ఈ మూడును ఎండోథీలియమునకు అదే అపకారము చేయును. ఎల్‌డిఎల్ అందరికిని వచ్చు బాటసారియే. వానిని నిర్బంధించి ద్రోహిగా మార్చినది ఆ గోడ.

భీమవరమువారు: నిర్బంధించినది గోడయే కావచ్చును, పిమ్మట వచ్చి నిప్పంటించినవారు ఎవరు? రక్తమునుండి దిగిన మోనోసైట్లు అను తెల్లరక్తకణములు. ఆ అంటుప్రోటీనులను పట్టుకొని అవి గోడలోనికి దూరి, స్థూలభక్షకములై, చెడిన ఎల్‌డిఎల్‌ను మ్రింగుట మొదలుపెట్టును. ఇచట ప్రకృతి చేసిన పొరపాటొకటి కలదు. దానిని తలచినప్పుడెల్ల నాకు మనసు కలుక్కుమనును. మామూలు గ్రాహకము ఎల్‌డిఎల్ చాలునన్నప్పుడు మూసికొనును. ఆక్సీకరణము చెంది రూపుమారిన ఎల్‌డిఎల్‌ను పట్టు గ్రాహకములు వేరు. వాటికి ‘చాలు’ అను మాట తెలియదు. ఊడ్చివేయుటకు వచ్చిన కణము మ్రింగి మ్రింగి కొవ్వుబొట్లతో నిండి, సూక్ష్మదర్శినిలో సబ్బునురుగువలె కనబడును. మీరే చూచియుందురు.

ఇబ్రహీంపట్నమువారు: నురుగుకణములు. వేలకొలది చూచితిని. చచ్చినవాటిని అంతకంటె ఎక్కువ చూచితిని. అవి చచ్చి పగిలి విడిచినదే నేను చెప్పిన జావ.

భీమవరమువారు: అయితే ఎల్‌డిఎల్ రక్తముదే, మోనోసైటు రక్తముదే. తుదకు జావపై మూత పగిలినప్పుడు వచ్చి గడ్డకట్టి, ఘడియలో త్రోవను మూసివేయు రక్తఫలకికలును రక్తమువే. మన అబ్బాయికి ఆనాడు పట్టిన ప్రమాదము ఆ గడ్డ. గోడకు మిగిలిన పాత్ర యేది?

ఇబ్రహీంపట్నమువారు: మూత. ఆ మూతను నేసినదెవరు? ధమని మధ్యపొరలోని నునుపు కండరకణములు. 1973లో అమెరికాలో రాస్, గ్లోమ్‌సెట్ అనువారు ఈ కథను ‘గాయమునకు ప్రతిక్రియ’ అని వర్ణించిరి. ఆ మరుసటియేడే రక్తఫలకికలలో ఆ కండరకణములను పెంచు పదార్థమున్నదని తేలినది. ఆ పిలుపులు విని అవి మధ్యపొరనుండి లోపలికి ప్రాకివచ్చి, కొల్లాజెన్ అను గట్టిపీచును నేసి, జావమీద దుప్పటి కప్పును. ఆ దుప్పటి మందముగానున్నంతకాలము మనిషి నాళములో సగము త్రోవ ఇరుకైనను బ్రతికియుండును. లోపలి స్థూలభక్షకములు పీచును కరగించు ద్రవములు విడువగా అది పలుచనై, 65 మైక్రాన్ల కంటె, అనగా తలవెండ్రుక మందము కంటె పలుచనైన చోట చినుగును. పగిలిన ఉబ్బులలో చాలభాగము అంతకుముందు త్రోవను పెద్దగా ఇరుకుచేయనివే. అందుచేతనే మొన్నటివరకు మెట్లెక్కిన మనిషి నేడు పడిపోవును. నిలిచినంతకాలము నిలిపినది గోడ, చినిగినది గోడ.

ఇచట చెరువు వారి మాటలలోనికి ప్రవేశించినది. ఆ బల్లమీద కూర్చుండి చెరువును ఉపమానముగా తేకుండుట కష్టము. 2020 అక్టోబరు వానలలో ఈ చెరువు పొంగి, క్రింది కాలనీలలో ఇండ్లలోనికి నీరుచొచ్చి, జనులు మేడలెక్కి పడవలకొరకు ఎదురుచూచిన దినములను మేము ముగ్గురమును కన్నులార చూచినవారమే.

భీమవరమువారు: ఆనాడు వాన దోషమా, కట్ట దోషమా? పైనుండి వచ్చిన నీరే ఎక్కువ. నీరు లేక వరద లేదు.

ఇబ్రహీంపట్నమువారు: వాన ఈ చెరువుమీదనే కురిసెనా? నీరు పోవలసిన నాలాలు ఇరుకై, తూములు ఎత్తుటకు ఆలస్యమైనచోటనే ఊళ్ళు మునిగినవి. మరియు కట్టకు పెద్ద హాని పైన పొరలు నీటివలన రాదని మా పల్లెలో నీరటికాండ్రు చెప్పెడివారు. కట్టలోనికి దిగు ఊటను చూడుమనెడివారు. ఏండ్లతరబడి దిగిన ఊట మట్టిని లోలోపల మెత్తబరచి, ఒకరాత్రి గండి పెట్టును. అబ్బాయికి ‘గొట్టము’ బదులు ఈ కట్టను చూపింతును.

భీమవరమువారు: చూపింపుడు. అయితే ఊటయనగా నీరేగదా, బావగారూ!

ఆ మాటకు ఇద్దరును ఒక్కక్షణము నవ్వుకొనిరి. పిమ్మట భీమవరమువారు కంఠము తగ్గించి తమ ఊరివాని మాట ఎత్తిరి. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కండరమునకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్కెతో కూడి వెలుగులోనికి తెచ్చినవారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును, కాన్సరుపై పనిచేయు మెథోట్రెక్సేట్‌ను పుట్టించిన బృందములను నడిపినవారు. 1948 ఆగస్టులో న్యూయార్కున గుండెపోటుతో నిద్రలో పోయిరి. వయస్సు 53.

భీమవరమువారు: లోకమునకు అన్ని మందులిచ్చిన చేతులకు తన గుండెకు కావలసిన మందు ఆనాటికి పుట్టనేలేదు. కొలెస్ట్రాలును తగ్గించు స్టాటిన్ జాతి మందును జపానులో ఎండో 1976లో ప్రకటించువరకు మరి ఇరువది యెనిమిదేండ్లు. 53 అను ఆ యంకెను చూచినప్పుడెల్ల నాకు బాధ. 52 దేశములలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనమున దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు వచ్చు నడిమి వయస్సు 53గా తేలినది. తక్కిన దేశములవారికంటె దాదాపు ఆరేండ్లు ముందు. మా గోదావరి జిల్లాల 45 పల్లెలలో 2003-04 నడుమ మరణములను ఇంటింట విచారించి లెక్కించినప్పుడు, నూటికి 32 గుండె, రక్తనాళముల రోగములవే. పల్లెటూళ్ళలో సంగతి అది. వారిలో ఎందరు ఒక్కసారియైన రక్తము చూపించుకొన్నారు?

ఇబ్రహీంపట్నమువారు: మీ ఊరి మహానుభావుని మందును మా పక్షమువారు ఈ రోగమునకే వాడి చూచిరి, తెలియునుగదా. గోడలోని మంటయే అసలు రోగమైనచో, కీళ్ళవాతపు మంటను తగ్గించు మెథోట్రెక్సేట్ దీనిని తగ్గింపవలెనని అమెరికాలో పెద్దపరీక్ష పెట్టిరి.

భీమవరమువారు: 4,786 మందిపై. 2018లో ఫలితము వచ్చినది. ఏమియు తగ్గలేదు. మా సుబ్బారావుగారి మందే నా పక్షమున సాక్ష్యము చెప్పినది.

ఇబ్రహీంపట్నమువారు: తొందరపడకుడు. ఆ పరీక్షలో మందు మంటనే తగ్గింపలేకపోయినది. మంట తగ్గనప్పుడు రోగము తగ్గలేదనుటలో వింతయేమున్నది? అంతకు ఏడాది ముందు, 2017లో, 10,061 మందిపై మరియొక పరీక్ష ముగిసినది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అను మంటసందేశమును మాత్రమే అడ్డగించు మందది. దానివలన ఎల్‌డిఎల్ ఒక్క అంకెయైన తగ్గలేదు. ఐనను, నడిమి మోతాదు పుచ్చుకొన్నవారిలో గుండెపోటు, పక్షవాతము, హృద్రోగ మరణము, మూడును కలిపి నూటికి 15 వంతు తగ్గినవి. రక్తపు కొవ్వును ముట్టకుండ గోడను చల్లార్చినచో ప్రాణములు నిలిచినవి.

భీమవరమువారు: అంటురోగములవలన చావులు కొంచెము పెరిగినవనియు చెప్పుడు. శరీరపు కాపలాను పడుకోబెట్టినందుకు మూల్యమది. మొత్తము మరణములు తగ్గనేలేదు. మాత్రకు కొన్ని రూపాయలు మాత్రమే పడు స్టాటిన్ చేసిన మేలు దానికి సాటి రాదు.

ఇబ్రహీంపట్నమువారు: ఒప్పుకొందును. కాని స్టెంటు మాట మీరు ఒప్పుకొనవలెను. మన హైదరాబాదుననే 1990ల దశాబ్దిలో డాక్టరు సోమరాజుగారును అబ్దుల్ కలాంగారును కూడి, పేదవానికి అందు ధరకు కలాం-రాజు స్టెంటు చేసిరి. దేశము గర్వింపదగిన పని. అయితే ఏ దేశపు స్టెంటైనను, ఆనాటి ఉత్త లోహపు స్టెంట్లలో కొన్ని ఆరేడు నెలలలో మరల ఇరుకైనవి. కొవ్వుచేతనా? కాదు, లోహము గ్రుచ్చుకొన్న గాయమును మాన్పబోయి నునుపు కండరకణములు అతిగా పెరిగి త్రోవను మూసినవి. అందుకే 2002 మొదలుకొని, ఆ కణముల పెరుగుదలను ఆపు మందు పూసిన స్టెంట్లు వచ్చినవి. అబ్బాయికి వేసినదియు అదియే. ఆ పూతవలన మంచితోబాటు ఒక ఆలస్యము కలదు: ఎండోథీలియము ఆ తీగెలపై ప్రాకి కప్పుకొనుటకు నెలలు పట్టును. అంతవరకు రక్తఫలకికలకు ఆ లోహము తెరచిన గాయమే. వైద్యులు చెప్పక మునుపే ఫలకికల మందు మానివేసినచో స్టెంటులోనే గడ్డ కట్టవచ్చును. వాడు ‘మాత్రలు’ అని అన్నిటిని కలిపి అనినాడా, కొలెస్ట్రాలు మాత్ర నొక్కదానినే అనినాడా?

భీమవరమువారు: నేనడుగలేదు.

ఇబ్రహీంపట్నమువారు: ఈ రాత్రికే అడుగుడు. నేనడిగినచో తండ్రియని మాట దాటవేయును. మామగారికైతే నిజము చెప్పును.

ఇంతసేపును కోర్టులోవలె సాగిన వాదములో ఆయన కంఠము వణకుట నేనిచటనే విన్నాను. కొంతసేపు ఎవరును మాటాడలేదు. పిమ్మట ఆయనయే తన పక్షమునకు కావలసినదానిని మించిన సంగతి యొకటి చెప్పిరి. ఓడిపోవుట కాదు, తన శాస్త్రము తనను తెచ్చి నిలిపినచోట నిలుచుట.

ఇబ్రహీంపట్నమువారు: నేను చదువుకొన్న దినములలో నురుగుకణములన్నియు రక్తమునుండి దిగిన మోనోసైట్లేయని చెప్పెడివారు. ఇటీవల కణములలోని గురుతులను బట్టి పరీక్షించి చూచిన పరిశోధకులకు, మనుష్యుల గుండెధమనులలోని నురుగుకణములలో దాదాపు సగము నునుపు కండరకణముల సంతతియేయని తెలిసినది. గోడను కాపాడవలసినవి తమ రూపు విడిచి, స్థూలభక్షకముల వేషము వేసికొని, కొవ్వు మ్రింగుచున్నవి. సూక్ష్మదర్శినిలో రెండును ఒక్కటే. నలువదేండ్లు నేను వేలుపెట్టి ‘ఇది రక్తముది’ అని చూపినవాటిలో సగము గోడవి.

భీమవరమువారు: అయితే మీకు మరింత బలము వచ్చినట్లే గదా.

ఇబ్రహీంపట్నమువారు: వేషము వేయించినది మీ కొలెస్ట్రాలే, బావగారూ. దానిని మ్రింగిన పిమ్మటనే అవి రూపు మారినవి. పందొమ్మిదవ శతాబ్ది నడుమ వియన్నాలో రోకిటాన్‌స్కీ రక్తమునుండి దిగిన మడ్డియే మూలమనియు, జర్మనీలో విర్కో గోడలోని మంటయే మూలమనియు మొదలుపెట్టిన తగవును మనము ఈ బల్లమీదికి తెచ్చుకొంటిమి. పెద్దలిద్దరును చూచినది చూచినట్లే చెప్పిరి. మీరు కొలుచు రక్తము ఈనాటి ఉదయపు మాట చెప్పును. నా గోడలో నలువదేండ్ల లెక్క వ్రాసియుండును. ఏయేట ఎంత ఎల్‌డిఎల్ వచ్చినది, ఎన్నాళ్ళు పొగ త్రాగినాడు, రక్తపోటు ఎన్నడు పెరిగినది, అన్నియు. అబ్బాయి 114ను నార్మలు అనుచున్నాడు. ఇరువదియేండ్లనుండి ఎంతయున్నదో ఎవరు చూచిరి?

భీమవరమువారు: ఎవరును చూడలేదు. ఇంటిలో నేనుండియు చూడలేదు.

ఇబ్రహీంపట్నమువారు: మీరు మాత్రమే కాదు. లెక్క ఎంత ముందుగా మొదలగునో మీకు తెలియనిది కాదు. కొరియా యుద్ధమున మడిసిన అమెరికను సైనికులు, సగటు వయస్సు 22, మూడువందలమంది గుండెలు కోసి చూచినప్పుడు నూటికి 77 మంది ధమనులలో ఈ రోగపు జాడలున్నవి. 1953లో అచ్చైనది. మన రంగారెడ్డి జిల్లాలోనే 1987 మొదలుకొని మూడేండ్లు 29 పల్లెలలో ఒక ప్రయత్నము జరిగినది. 15 పల్లెలలో గర్భిణులకును చిన్నపిల్లలకును మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండి దినదినము పెట్టిరి, తక్కినవాటిలో పెట్టలేదు. ఆ పిల్లలు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సువారైన పిమ్మట మరల వెదకి కొలిచినప్పుడు, ఉప్మా తిన్న తల్లుల పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవుగానుండిరి; వారి ధమనుల గోడలు కొంత మెత్తగానుండెను.

భీమవరమువారు: ఇన్సులిను కూడ వారి రక్తములో మెరుగుగా పనిచేసినది. ఆ వ్యాసము నేనును చదివితిని. దానితోనే వారి గుండెలు నిలిచినవని చెప్పవీలులేదు; ఐనను కడుపులోనున్నప్పటి తిండికిని గోడకును సంబంధము కలదనుటకు చాలును.

చీకటి పడినది. గట్టుమీది దీపములు వెలిగినవి. చైతన్యపురి వైపు పోవు మెట్రో బండి వెలుగు నీటిమీద ఒకసారి సాగి మాయమైనది. భీమవరమువారు లేచి చొక్కా దులుపుకొని, కొంత జంకుచు అడిగిరి.

భీమవరమువారు: బావగారూ, మనుమని సంగతి. వానికి పదునాలుగు నిండినవి. తండ్రికి నలువది మూడింటికే ఇది వచ్చినది గనుక, పిల్లవాని కొలెస్ట్రాలు ఒకసారి చూచుకొనవలెను. సూది యనిన మీ ఇంటిలో ఎవరును ఒప్పుకొనరని ఇన్నాళ్ళు అడుగలేదు.

ఇబ్రహీంపట్నమువారు: గోడను చూడవలెనన్న వానిని కోయలేముగదా. రేపు ఆదివారమే. ఖాళీకడుపుతో తీసికొనిరావలెనా?

భీమవరమువారు: అక్కరలేదు. ఎల్‌డిఎల్‌కు భోజనముతో పెద్ద తేడా రాదు. ఇడ్లీ పెట్టియే పంపుడు. నేనే దగ్గరనుండి తీయింతును.

ఇబ్రహీంపట్నమువారు చేతికర్ర అందుకొనిరి. మెట్లు దిగునప్పుడు భీమవరమువారు ఆయన మోచేయి పట్టుకొని, రెండవచేతితో ఫోను తీసి అల్లునికి కలిపిరి. ‘బాబూ, ఏయే మాత్రలు మానవలెననుకొంటివో పేళ్ళు చదువుము’ అనుచుండగా, ఆయన ప్రక్కన నిలిచి వినుచుండిరి.